ఆఫీసు గదిలో ఆదివారాలు

మొన్న మా చెల్లెలు, మరిది కాశీకి బయల్దేరితే సాగనంపడానికి విమానాశ్రయం దాకా వెళ్లాను. మేముండేది శంషాబాద్‌లోనే కాబట్టి చుట్టాల్లో ఎవరు ఎక్కడికి ఎగరాలన్నా ముందురోజు మా ఇంట్లో దిగడం, మర్నాడు వాళ్ల పెట్టెల వెనక నేను నడవడం ఆనవాయితీ అయిపోయింది. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు కదా, అద్దానికి ఇవతలే నిలబడ్డాను. అవతలికి వెళ్లాక మా చెల్లెలికి ఏదో గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగి మణికట్టు తిప్పుతూ అడిగింది. తలుపు తాళం సంగతనుకుని వేశానన్నట్టు తలూపాను. కాదని చెయ్యి అడ్డంగా ఊపి మళ్లీ తిప్పింది. నేను మళ్లీ తలూపాను. చివరికి ఫోన్ చేసి, "గ్యాస్ కట్టేశావా అని అడుగుతుంటే గంగిరెద్దులా ఆ తలూపడం ఏంటక్కా!" అని కసిరింది. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆ తిరిగే మణికట్టే కళ్లముందు ఆడింది. అచ్చం అలాగే మణికట్టు తిప్పి నన్ను చూపించిన తల్లి ఒకామె ఉంది. ఆమె సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట నేను హిమాయత్ సాగర్ దాటాక ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా ఉండేదాన్ని. మాది కృష్ణా జిల్లా. పెళ్లయి ఇటొచ్చి సగం జీవితం గడిచినా నా మాటతీరు మారలేదు, పిల్లలు నా వెనక దాన్ని అనుకరించి నవ్వుకునేవారని కూడా తెలుసు. హాస్టలు రాతిగుట్టల వెనక పల్లంలో ఉండేది. కిటికీలోంచి చూస్తే దిగే విమానాల పొట్టలు స్పష్టంగా కనిపించేవి, ఫోన్‌లో సిగ్నల్ మాత్రం సరిగా కనిపించేది కాదు. విమానాలకు తగులుతాయని ఇటువైపు టవర్లు కట్టనివ్వరని మా ఆఫీసు క్లర్కు సిద్ధాంతం. నిజమెంతో నాకు తెలియదు. ఫోన్ చేస్తే మాట వినిపించేది, బొమ్మ మాత్రం కదిలేది కాదు. అందుకని హాస్టలు వైఫై అంటే పిల్లలకు ప్రాణం. ఉప్మా మాడినా కిక్కురుమనకుండా తినే పిల్లలు, వైఫై నెమ్మదిస్తే చాలు, "గుండ్రంగా తిరుగుతూనే ఉంది మేడం" అంటూ నా గది ముందు బారులు తీరేవారు.

నెమ్మదించడానికి కారణం వాళ్లే. సాయంత్రమైతే చాలు, ఒక గదిలో సినిమా, ఒక గదిలో సీరియల్, ఒక గదిలో క్రికెట్. పాపం, నిజంగా చదువుకునే పిల్లలు మర్నాటికి పంపాల్సిన అసైన్‌మెంట్ పోక ఏడ్చేవారు. కమిటీ మీటింగులో దీని మీద అందరూ తలలు పట్టుకుంటే, వీడియో అన్నదాన్ని మొత్తం ఆపేస్తే సరిపోతుంది కదా అన్నది నేనే. హాస్టల్లో సినిమా లేదు, సీరియల్ లేదు, వీడియో కాల్ లేదు. మెయిళ్లు, మెసేజీలు, పాఠాల కాగితాలు మాత్రం నడుస్తాయి. అమ్మానాన్నలతో మాట్లాడాలనుకుంటే మామూలు ఫోన్ ఉండనే ఉంది. పిల్లలు బయటికెళ్లాలంటే ఇంటివాళ్లు వచ్చి సంతకం పెట్టాలన్న నియమం ఎలాగూ ఉంది కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు. కమిటీలో అందరూ భేష్ అన్నారు. నోటీసు నేనే నా చేత్తో గుండ్రంగా రాసి, భోజనాల గది తలుపుకు అంటించి, కాస్త వెనక్కి జరిగి మురిసిపోతూ చూసుకున్నాను.

ఆ వారంలోనే ఆ పిల్ల నా గదికి వచ్చింది. పాలమూరు వైపు పల్లెటూరి నుంచి కొత్తగా చేరిన మొదటి సంవత్సరం పిల్ల. మాట తక్కువ. మాట్లాడేది ఆ కాస్తయినా చేతులు మాత్రం ఊరుకునేవి కావు, "పెద్దది" అనాలంటే నోటికంటే ముందు చేతులు విచ్చుకునేవి.

"మేడం, మా అమ్మకు ఇనరాదు, మాట రాదు. చదువు గూడ రాదు. వీడియోల అయితెనే మేమిద్దరం చేతులతోటి మాట్లాడుకుంటం" అంది.

"మరి మీ నాన్న ఉన్నారుగా. ఆయన అడిగి నీకు చెప్తారు కదమ్మా" అన్నాను.

"బాపుకు అమ్మ మాటలు గన్ని తెల్వయి మేడం. బువ్వ, నీళ్లు, బర్రె... గంతే. మిగిలినయన్ని నాకే తెలుస్తయి."

నమ్మలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. పూర్తిగా నమ్మాను. కానీ ఆ రూలు పుట్టి ఇంకా వారం కాలేదు, నా చేతిరాత తడైనా ఆరలేదు. ఒకరికి తెరిస్తే రేపు ప్రతి పిల్లకూ ఒక కారణం పుట్టుకొస్తుందని భయపడ్డాను. అందుకని నా తెలివంతా ఉపయోగించి ఒక మధ్యే మార్గం కనిపెట్టాను. ఆఫీసు కంప్యూటరుకు ఈ ఆంక్షలేవీ లేవు. ఆదివారం పొద్దున ఆ పిల్ల ఆఫీసు గదికొచ్చి అందులో తల్లితో కాసేపు మాట్లాడుకోవచ్చు. అయితే అందులో అందరి ఫీజుల వివరాలూ మార్కులూ ఉంటాయి కాబట్టి నేనూ క్లర్కూ గదిలోనే ఉంటాం. రూలూ చెడలేదు, దయా చూపించాను. ఆ రాత్రి మా ఆయనకు ఫోన్ చేసి ఎంత గొప్పగా చెప్పుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు మండుతాయి.

మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు. తల్లి తెర మీదికొచ్చింది. ఫొటో తీయించుకునేదానిలా నున్నగా దువ్వుకుని, నిండుగా బొట్టు పెట్టుకుని, గోడకు ఆనకుండా నిటారుగా కూర్చుంది. కూతుర్ని చూసిందో లేదో రెండు చేతులూ లేచాయి. అంత వేగంగా, అంత గలగలా మాట్లాడుకునే మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు. ఏ స్కూల్లోనూ నేర్చిన సైగలు కావవి, ఆ ఇంట్లో ఆ ఇద్దరే పుట్టించుకున్నవి. తల్లి మీసం మెలేసినట్టు చూపిస్తే మా క్లర్కు ఆగలేక, "మీ బాపా?" అని అడిగాడు. "అవు సార్" అంది పిల్ల. ఇంతలో తండ్రి ఫోన్ సరిగ్గా పట్టుకుందామని తెర మీదికొచ్చాడు. నున్నటి మొహం. "మరి మీసమేది?" అన్నాడు క్లర్కు. "పెండ్లప్పుడు ఉండెనంట సార్." గదంతా నవ్వులు. ఆ నవ్వులకు వంటామె వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, గుమ్మంలో నిలబడి చూడసాగారు. అప్పుడు ఆ తల్లి ఏదో అడుగుతూ తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిప్పింది. కూతురు కంగారుగా నా వైపు చూసింది. "అది మీరే మేడం, తాళాలన్ని మీ దగ్గరనే కద!" అని క్లర్కు చప్పట్లు కొట్టాడు. నేనే వంగి తెరలోకి చూశాను. ఆ తల్లి బెదిరిపోయి, కొంగు సర్దుకుని, లేచి నిలబడి నాకు దండం పెట్టింది. గుమ్మంలో ఉన్నవాళ్లను పొమ్మనాలని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉంది.

తర్వాతి ఆదివారాల్లో వాళ్ల మాటలు తగ్గుతూ వచ్చాయి. మొదట్లో మొహం దాకా లేచిన చేతులు క్రమంగా ఒడిలోకి దిగిపోయాయి. నలుగురిలో గొంతు తగ్గించి మాట్లాడతాం కదా, అలాగ. నాకది అప్పుడు అర్థం కాలేదు. పిల్లకు హాస్టలు అలవాటైంది, బెంగ తీరిందనుకుని సంతోషించాను. వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం, తల్లి మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచెయ్యి ఎడమ భుజం దాకా తెచ్చి ఆపేసింది. పిల్ల వెనక క్లర్కు బీరువాలో ఏదో ఫైలు వెతుకుతున్నాడు. ఆమె అతణ్ణి చూసింది, నన్ను చూసింది, అదే చేత్తో కొంగు చుట్టూ లాక్కుని నవ్వేసింది. నన్ను చూసి మర్యాదకు కొంగు కప్పుకుందనుకున్నాను. ఎంత పద్ధతైన మనిషి అని మనసులో మెచ్చుకున్నాను కూడా. పిల్ల మాత్రం నవ్వలేదు. ఏమైందని మళ్లీ మళ్లీ అడిగింది. తల్లి ఏం లేదు ఏం లేదని చెయ్యి ఊపింది.

పిల్ల నా వైపు తిరిగింది. "మేడం, జర సేపు నేనొక్కదాన్నే మాట్లాడుకోవచ్చా?"

క్లర్కు ఫైలు పక్కన పడేసి, "నేను బయటికి పోత తియ్యి మేడం, చాయ్ తాగొస్త" అని లేచాడు.

"అక్కర్లేదు, కూర్చో" అన్నాను అతనితో. పిల్లతో, "నిన్నొక్కదాన్ని ఆఫీసు కంప్యూటరు దగ్గర వదలడం కుదరదమ్మా. నీకు చేసిందే ఎక్కువ, మిగతావాళ్లకు తెలిస్తే నా ప్రాణం తీస్తారు" అన్నాను. ఆ మాటలో కోపం కూడా లేదు, నవ్వుతూనే అన్నాను. పిల్ల సరే మేడం అంది. తల్లికి ఏదో చెప్పి కాల్ ఆపేసింది.

దసరా సెలవులకు పిల్లలంతా ఊళ్లకు పోయారు. సెలవులయ్యాక అందరూ బతుకమ్మ సద్దుల పొడులూ అప్పాలూ మోసుకుని తిరిగొచ్చారు, ఆ పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. చలి మొదలయ్యాక ఒకరోజు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది, పెట్టె, సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి. ఎందుకు మానేస్తున్నావని అడిగాను. పండక్కి తల్లికి తలంటుతుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, "గింత పెద్దగయ్యెదాక ఏం చేసిన్రు?" అని డాక్టరమ్మ తిట్టిందట. ఆపరేషన్ చేయాలన్నారు. తర్వాత ఎన్నాళ్లు తిరగాలో ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

"అమ్మ చెప్పేది డాక్టర్లకు చెప్పనీకి నేనుండాలె మేడం. ఇంకెవరికి తెల్వదు కద" అంది.

"ముందే నీకు చెప్పొచ్చుగా తల్లీ, ఇంతకాలం దాచుకుంటుందా ఎవరైనా?" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో నాకిప్పటికీ తెలియదు.

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చెప్దామనే చెయ్యి లేపిందంట మేడం, ఆ ఆదివారం. ఎనక సార్ కనవడ్డడు. మొగోళ్ల ముందట గక్కడ చెయ్యెట్ల పెడ్తది? దసరాకు బిడ్డ ఇంటికొస్తది కద, అప్పుడు చెప్దామనుకుందంట."

ఆ తల్లి మాత్రం ఇదేమీ తెలియకుండా నా దగ్గరికొచ్చింది. తెర మీద చూసినదానికంటే పొట్టి మనిషి, బాగా చిక్కిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. తర్వాత కూతుర్ని చూపించి, తన కళ్లను చూపించి, ఆ కంప్యూటరును చూపించి, నా ముందు వంగి చేతులు జోడించింది. ఏమంటోందని పిల్లను అడిగాను.

"ఆదివారం ఆదివారం నన్ను చూపెట్టిన్రు కద, మీ మేలు మరువదంట." తర్వాత తల దించుకుని, "రూలు సంగతి అమ్మకు చెప్పలే మేడం. ఫికర్ పడ్తదని. నా ఫోన్ ఖరాబైంది, మేడమే తన కంప్యూటర్ ఇచ్చిందని చెప్పిన" అంది.

క్షమించమని ఆ తల్లికి ఎలా చెప్పాలో నాకు రాదు. కూతురికి చెప్పడానికి ఇద్దరికీ వచ్చిన తెలుగు ఉంది. అయినా నా నోటి నుంచి వచ్చింది, "వచ్చే ఏడు రా అమ్మా, నీ సీటు ఉంచమని రాస్తాను" అన్న ఆఫీసు మాటే. గేటు దాకా వెళ్లి సాగనంపాను. ఆటో ఎక్కేటప్పుడు ఆ తల్లి మళ్లీ తిరిగి చూసి నవ్వింది.

మరుసటి ఏడు గుట్టల మీద ఎవరో టవర్ కట్టారు. పిల్లలందరి ఫోన్లలో బొమ్మలు దూసుకుపోవడం మొదలయ్యాక హాస్టలు వైఫై అడిగే దిక్కే లేకుండా పోయింది. నా నోటీసును తీసేయమని ఎవరూ అనలేదు, ఉందని ఎవరూ గమనించలేదు. భోజనాల గదికి సున్నం కొట్టినప్పుడు కూలీలే గీకి పారేశారు. నేను రిటైరయ్యాను. రూలు నువ్వొక్కదానివే పెట్టలేదు కదా, నువ్వు ఆ కాస్తయినా చూపించావు, ఇంకొకరైతే అదీ చేయకపోదురని మా ఆయన అంటారు. ముందే తెలిస్తే తప్పక నయమయ్యేదని ఏ డాక్టరూ రాసివ్వలేదు కదా అని కూడా అంటారు. రూలు కమిటీది, నిజమే. చాయ్ తాగొస్తానని లేచిన మనిషిని కూర్చోమన్న మాట మాత్రం నాది. దానికి ఏ కమిటీ సంతకమూ లేదు.

ఆ పిల్ల సీటు కోసం తిరిగి రాలేదు. నంబరు నా దగ్గర ఉంది. మొదటి ఏడాది ఫోన్ చేసే ధైర్యం చాలలేదు. ఆ తర్వాత, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అని అడుగుతుందేమోనని చేయలేదు. ఇప్పుడు మా ఇంట్లో సిగ్నల్‌కు కొదవ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ ఆదివారమైనా ఒక్క వేలితో నొక్కితే ఆ ఇల్లు కనిపిస్తుంది. నొక్కను. ఆ తల్లి ఉందో లేదో నాకు తెలియనంతకాలం ఉన్నట్టే కదా అని నన్ను నేను నమ్మించుకుంటూ, ఒక్కొక్క ఏడూ దాటిస్తున్నాను.