వంట లేని పొయ్యి

జడ్జి ఈనస్ గ్రీర్ ఏడాదిలో సగం గుర్రం మీదే గడిపేవాడు. నార్త్ కరోలినా కొండల్లో ఊరూరా తిరిగి తీర్పులు చెప్పి, మోకాళ్లదాకా బురదతో ఇల్లు చేరేవాడు. ఆ సగం ఏడాదీ పొలం దున్నించింది, పందుల్ని కోయించింది, ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టింది అతని భార్య కెజీయా. మిగిలింది ఒక్క కూతురు, పర్మీలియా. ఆ పిల్ల చంటిదిగా ఉన్నప్పుడే పక్కలోయలో ఒకామె పురిట్లో పోయింది. ఆమె కొడుకు ఆసాకూ కెజీయానే పాలిచ్చింది.

పాలిస్తే చట్టం దృష్టిలో చుట్టరికం కాదు. అందుకే ఆ జనవరిలో ఆసా మీద హత్యానేరం విచారించడానికి గ్రీర్‌కు అడ్డేమీ లేకపోయింది.

కోర్టు కాలిపోవడంతో విచారణ గ్రీర్ ఇంటి ముందుగదిలోనే జరిగింది. మిల్లు దగ్గర తగవులో ఆసా కొట్టిన దెబ్బకు ఒకడు చనిపోయాడు. కావాలని చంపాడంటే ఉరి. కోపంలో చెయ్యి జారిందంటే కాల్చిన ఇనుముతో బొటనవేలి కింద వాత. అది తేల్చమని పన్నెండుమంది జూరీని అటక మీదికి ఎక్కించి గడియ పెట్టారు. అందరూ ఒక్కమాట మీదికి వచ్చేదాకా తిండి లేదు, నీళ్లు లేవు, నిప్పు లేదు. అది అక్కడి రివాజు.

పొద్దు వాలుతున్నా వాళ్లు దిగలేదు. అటక పలకల సందుల్లోంచి మాటలన్నీ వంటింట్లోకి వినబడుతున్నాయి.

"ఏం ఓబెద్ ముసలాయనా, నీ మొండితనం వండుకు తినమంటావా?"

"పీపాలు చేసేవాణ్ణిరా. పట్టీ బిగిసేదాకా వదలను. ఉరికి నేనొప్పను."

నవ్వులు. వాటి మీదుగా ముసలాయన దగ్గు.

ఉరి వద్దంటున్నది అతనొక్కడే. అందుకే మధ్యాహ్నం నుంచి కెజీయా పొయ్యి ఆర్పేసింది. వేగే మాంసం వాసన పైకి పోతే అతను లొంగిపోతాడని ఆమె భయం. బసకు దిగిన వకీళ్లకు చల్లారిన రొట్టె పెట్టింది.

పర్మీలియా రొట్టెముక్క గౌను చాటున పెట్టుకుని నిచ్చెన వైపు నడిచింది. "సందులోంచి తోస్తానమ్మా, ఎవరూ చూడరు."

"తోస్తే తీర్పు చెల్లదే. ఇంకో ఊళ్లో మళ్లీ విచారిస్తారు. అక్కడెవరే మనకు ఓబెద్?"

అప్పుడే పైనుంచి ముసలాయన గొంతు వినబడింది. "పొద్దున ఈ పొగగొట్టం రాళ్లకు వీపు ఆనించుకున్నాను. ఇప్పుడవీ మంచుగడ్డలైపోయాయి. ఇక నావల్ల కాదర్రా."

కెజీయా చేతులు ఆగిపోయాయి. పొగగొట్టం అటకలోంచే పైకి పోతుంది.

ఎండుకట్టెలు పేర్చి నిప్పు ముట్టించింది. మంట మీద ఏమీ పెట్టలేదు.

గ్రీర్ గుమ్మంలో ఆగాడు. "ఏం వండుతున్నావు?"

"ఏమీ లేదు."

"మరి పొయ్యెందుకు?"

"చలిగా ఉంది జడ్జిగారూ. నా వంటింట్లో నేను చలి కాచుకోకూడదని మీ పుస్తకాల్లో ఉందా?"

అతను పొగగొట్టం వెంబడి పైకి చూశాడు. "జూరీకి నిప్పు ఇవ్వకూడదు కెజీయా."

"ఇవ్వలేదు. నా పొయ్యిలోనే ఉంది."

అతను ఒక్కమాటంటే వాకిట్లో ఉన్న జవాను వచ్చి నీళ్లు కుమ్మరిస్తాడు. మెల్లగా పైన దగ్గు తగ్గింది. గ్రీర్ మంట దగ్గరకు వచ్చి చేతులు చాపాడు.

దీపాలు పెట్టే వేళకు అటక తలుపు దబదబ మోగింది. అందరికన్నా వెనక, నిచ్చెన గట్టిగా పట్టుకుని, ఓబెద్ దిగాడు.

హత్య కాదన్నారు. చెయ్యి జారిందన్నారు.

పర్మీలియా ఏడుస్తూనే కుండ తెచ్చి పొయ్యి మీదికి ఎత్తబోయింది.

"వంట తర్వాత," అన్నాడు గ్రీర్, గుమ్మంలోంచి. ఎవరి ముఖమూ చూడలేదు. "ఆ నిప్పుతో పనుంది."

అతని వెనక జైలు మనిషి వాత వేసే ఇనుము పట్టుకుని నిలబడ్డాడు.

కెజీయా పక్కకు జరిగింది. ఇనుము బాగా కాగితే ఒక్క అదుముతో అయిపోతుంది. ఆమె వంగి ఇంకో కట్టె వేసింది.