ఇస్త్రీ పెట్టె వేడి

ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరిన పొద్దున పిన్ని చేసిన చివరి పని, తన ఇస్త్రీ దుకాణం మెట్లు దిగి మళ్ళీ వెనక్కి వెళ్ళడం. ఇస్త్రీ పెట్టె స్విచ్ కట్టేసిందో లేదో చూసుకుని వచ్చింది. ఆటో ఎక్కాక మళ్ళీ, "కట్టేశానంటావా?" అంది.

"నీకు కాళ్ళల్లో చక్రాలున్నాయే," అన్నాడు బాబాయి.

ఆ కాళ్ళే అంతకుముందు వాచాయి. అందుకే మొదట గుండెకు ఎకో పరీక్ష చేయించాం. ఛాతీ మీద జిగురు రాసి, చిన్న పరికరం ఆనించి, డాక్టరమ్మ తెర వైపు చూస్తూ ఉండిపోయింది. పిన్ని ఒక చోట పడుకోలేక మంచం అంచు గోకుతూనే ఉంది.

"కుడివైపు కవాటం దళసరెక్కి బిగుసుకుపోయింది. మూసుకోవడం లేదు," అంది డాక్టరమ్మ.

"మా దుకాణం షట్టరే నయం. నాలుగు తన్నితే దిగుతుంది," అంది పిన్ని.

డాక్టరమ్మ నవ్వలేదు. ఎడమవైపు బాగుండి కుడివైపు మాత్రమే ఇలా అయిందంటే, ఒంట్లో ఎక్కడో గడ్డ ఉండి హార్మోన్ వదులుతూ ఉండొచ్చని చెప్పింది. అది రక్తంలో కలిసి ముందు గుండె కుడివైపుకే చేరుతుందట.

"ముఖం ఉన్నట్టుండి ఎర్రబడుతుందా?"

బాబాయి అందుకున్నాడు. "పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె ముందుండే మనిషండీ! ఎర్రబడక ఏమవుతుంది?"

మేమందరం ఏళ్ళ తరబడి అనుకున్నదీ అదే.

"పని లేని రోజు కూడానా?"

"అబ్బే, లేదమ్మా," అంది పిన్ని, అడగడమే ఆలస్యమన్నట్టు.

డాక్టరమ్మ నమ్మినట్టు లేదు. స్కానింగుకు పంపింది. పేగులో గడ్డ, కాలేయం నిండా దాని పిల్లలు. ముందు హార్మోన్‌ను అణచే ఇంజెక్షన్లు, తర్వాత కవాటం మార్పిడి అన్నారు. కాస్త ముందు వచ్చి ఉంటే గుండె తట్టుకునేదట. ఆపరేషన్ దాకా అది ఆగలేదు.

దుకాణం ఖాళీ చేయడానికి నేనే వెళ్ళాను. పక్కన చెప్పులు కుట్టే తాత పలకరించాడు.

"సెలవు రోజు కూడా ఎర్రబడ్డ ముఖంతో వచ్చేదమ్మా మీ పిన్ని. పెట్టె వేడి చేసుకుని, ఒక్క తువ్వాలే మళ్ళీ మళ్ళీ రుద్దేది. ముఖం చల్లబడ్డాకే ఇంటికి వెళ్ళేది."