తెల్ల ఇసుక మిల్లులో దగ్గు

నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న తెల్ల ఇసుక మిల్లులో అబిగయీలు పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఎండబెట్టిన ఇసుకను గంపతో ఎత్తి యంత్రం జల్లెడలో పొయ్యడం ఆమె పని. జల్లెడ దిగిన ఇసుక లారీలెక్కి చెన్నై అవతల ఉన్న పెద్ద గాజు కంపెనీకి పోతుంది. కార్ల అద్దాలు అవుతుందని ఎవరో చెబితే వినడమే గాని, ఆ కంపెనీని ఆమె ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం అన్నానికి బయటికొచ్చేసరికి ఆడవాళ్లంతా ఒక్కలాగే ఉండేవాళ్లు. జుట్టూ కనురెప్పలూ చీరలూ అన్నీ తెలుపే. గొంతు విని మనిషిని పోల్చుకోవాల్సిందే. ఆమెకు జతగా పనిచేసిన ఆదిశేషమ్మను మాత్రం దగ్గు విని పోల్చేవాళ్లు. మూడుసార్లు పొడిగా దగ్గి, ఈల వేసినట్టు ఊపిరి లోపలికి లాక్కునేది. టీబీ అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. నిరుడు ఉగాది ముందు ఆమె పోయింది. అంతకు ముందు అదే జల్లెడ దగ్గర పనిచేసిన ఇద్దరూ అలాగే పోయారు.

ఆదిశేషమ్మను పూడ్చిన మూడో రోజు, పట్టపగలు, యంత్రం ఆపిన వేళ అబిగయీలు వెనక దగ్గు వినబడింది. మూడు దగ్గులు, ఒక ఈల. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఇసుక కుప్ప మీద నుంచి సన్నటి ధార ఒకటి జారుతోంది, ఎవరో అప్పుడే లేచిపోయినట్టు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. తర్వాత యంత్రం ఆగినప్పుడల్లా ఆ దగ్గు వినబడేది. మొదట్లో గంప వదిలేసి బయటికొచ్చేసేది. పోనుపోను, "ఉండుమే, నీళ్లు తాగొస్తా" అని ఖాళీ షెడ్డుకు చెప్పి వెళ్లడం అలవాటైంది.

ఈ ఏడాది గాజు కంపెనీ నుంచి వాణి అనే అధికారి వచ్చింది. తమకు సరుకు అమ్మేవాళ్లు కూలీలను ఎలా చూస్తున్నారో, నేలను ఎలా తవ్వుతున్నారో చూసి రాయడం ఆమె ఉద్యోగం. ముందురోజే మేనేజరు చంద్రమౌళి షెడ్డు కడిగించి, కొత్త మాస్కులు పంచాడు.

"అడిగితే అంతా బాగుండాదని చెప్పండి. వాళ్లు సరుకు వద్దంటే మిల్లుకు తాళమే" అన్నాడు.

వాణి అబిగయీలు ఒక్కదాన్నే షెడ్డులోకి పిలిచి, యంత్రం ఆపించి, తలుపు మూసి, ఫోనులో రికార్డు పెట్టింది.

"మాస్కులు ఎప్పటినుంచి ఇస్తున్నారమ్మా?"

"ముందునుంచీ ఇస్తానే ఉండారు మేడమ్."

"ఈ దుమ్ము వల్ల ఎవరికైనా జబ్బు చేసిందా?"

"ఎవురికీ ఏం కాలేదు."

సరిగా పడిందో లేదో చూద్దామని వాణి రికార్డు వినిపించింది. "ఎవురికీ ఏం కాలేదు" అన్న మాట వెనకే మూడు దగ్గులు, ఒక ఈల.

వాణి రికార్డు ఆపింది. "మీరు దగ్గారా?"

"లేదు మేడమ్."

"నేనూ దగ్గలేదే."

అబిగయీలు మెల్లగా మాస్కు తీసేసింది. "అది ఆదిశేషమ్మ మేడమ్. నేను అబద్ధం చెప్పినా గదా. రాసుకోండి. ఈ జల్లెడ కాడ ముగ్గురు పొయినారు. మాస్కులు నిన్న ఇచ్చినారు."

గాజు కంపెనీలో పెద్ద అధికారులు ఆ రికార్డు విన్నారు. యంత్రం చప్పుడై ఉంటుందని ఒకాయన అన్నాడు. ఆ మిల్లును వదిలేసి వేరేచోట కొందామన్నాడు. వాణి ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు ఆ ఇసుక కొన్నది మనమే, ఇప్పుడు వదిలిపోతే వాళ్ల జబ్బు మనది కాకుండా పోదని వాదించింది. చివరికి రెండు నెలలు సరుకు ఆపి, దుమ్ము లేవకుండా నీళ్లు చిమ్మే ఏర్పాటు చేస్తేనే కొంటామని, వైద్యం ఖర్చులో కంపెనీకీ వాటా ఉంటుందని తేల్చారు.

ఆ రెండు నెలలూ ఊళ్లో అబిగయీలును అందరూ దూరం పెట్టారు. కుళాయి దగ్గరికి ఆమె వస్తే బిందెలు పక్కకు జరిగేవి. పని పోగొట్టిందని ఎదురుగానే అన్నారు. ఆమె తల వంచుకుని నీళ్లు పట్టుకుని పోయేది.

తర్వాత నెల్లూరు ఆసుపత్రిలో మిల్లువాళ్లందరికీ ఎక్స్‌రేలు తీశారు. పందొమ్మిది మందిలో పదకొండు మంది ఊపిరితిత్తుల్లో ఇసుక దుమ్ము పేరుకుని ఉంది. అబిగయీలుకూ ఉంది. అది టీబీ కాదని, ఇక ఆ దుమ్ములోకి పోకూడదని డాక్టరు చెప్పాడు.

ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే, చంద్రమౌళి చేతిలో తన ఎక్స్‌రే కవరు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నాకు గూడా మచ్చలుండాయంట" అన్నాడు.

అబిగయీలు కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.