చెదలు కూడా వేరేనా?

భూపాలపల్లి అడవి అంచున తవ్వి తెచ్చిన చెదలనూ, దేవరుప్పుల మెట్ట చెలకలో దొరికిన చెదలనూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ చెదపురుగు ఒంటి మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. ఆ కొవ్వు పూతను ద్రావకంలో కడిగి యంత్రంలోకి పంపితే కాగితం మీద గీతలు కొండల్లా లేస్తాయి. ఒక్కో జాతికి ఒక్కో వరుస. నా రెండు వరుసలూ కలవలేదు. ఇవి రెండు జాతులని రాసి, హైదరాబాదు ల్యాబులో మా గైడు ముందు పెట్టాను.

ఆయనది కోస్తా. నాది తొర్రూరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరినకొద్దీ మా మధ్య మాటలు తగ్గి, గుర్రుచూపులు మిగిలాయి.

ఆయన కాగితం చూసి, అందరికీ వినపడేలా అన్నాడు: "మీవాళ్లకి అన్నీ వేరే కావాలమ్మా. రాష్ట్రం వేరే. ఇప్పుడు చెదలు కూడా వేరేనా?"

ల్యాబంతా నవ్వింది.

"వేరేయి వేరే అంటే మీకెందుకు సార్ గింత కోపం?" అన్నాను. మా యాసలోనే, కావాలని.

నవ్వులు ఆగిపోయాయి.

"తిన్న కర్రను బట్టి కూడా కొవ్వు మారుతుంది. అది తేల్చే దాకా నా సంతకం దొరకదు," అన్నాడు గైడు.

అభ్యంతరం సరైనదే. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

రెండు చోట్లా మళ్లీ పుట్టలు తవ్వి, తడిమట్టి డబ్బాలతో జనగామ చేరేసరికి బస్సులు బంద్. రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు. డబ్బాల్లో ఏముందని టెంటు కింద ఒకాయన అడిగాడు.

"చెదలన్నా. మా కోస్తా సార్ మల్ల తెమ్మన్నడు. ఎండకు సస్తయ్. జర నీడ ఇయ్యిండ్రి."

"ఊరూరు రోడ్డు మీద కూసుంటే నువ్వు పురుగులేరుతున్నవా? ఎవని కోసం? ఆ ఆంధ్ర సార్ కోసమా?"

నా వాళ్లే అలా అన్నా, సాయంత్రం దాకా వాళ్ల మధ్యే కూర్చుని మట్టి తడిపాను. సగం చచ్చాయి.

మిగిలినవాటికి వారాల తరబడి ఒకే మామిడి చెక్క వేశాను. మళ్లీ కొవ్వు తీశాను. తేడా అలాగే ఉంది. గైడు నమ్మక తనే మరోసారి యంత్రం నడిపాడు. అవే కొండలు.

సంతకం గీకి కాగితం విసిరాడు. అది బల్ల దాటి కింద పడింది.

"తీసుకో."

నేను వంగలేదు. అందరూ చూస్తుండగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆయనే కుర్చీ జరిపి, తీసి, నా మొహం చూడకుండా చేతికిచ్చాడు.

థీసిస్ ముగిసే దాకా మేమిద్దరం అటెండరుతో కబురు పెట్టుకుని మాట్లాడుకున్నాం.