గాలితో పాటు పోయిన ఎడమచేతి నాదం

పక్కింటి కుళాయి కారుతున్నా ముందు ఆమెకే వినబడేది. అందుకే వీధిలో అందరూ చెవులమ్మ అనేవారు. బతుకుతెరువూ చెవులతోనే. ఆరుబయట జరిగే కచేరీలను రికార్డు చేసి, శుభ్రం చేసి ఇచ్చేది. భర్త పోయాక ఆమెను తనకు తెలిసిన స్టూడియోలో చేర్చి పని నేర్పించింది బాబాయి. ఆయన డోలు వాయిస్తాడు.

ఆ సాయంత్రం కచేరీ ఏటి ఒడ్డున తోటలో. గాయని పక్కన డోలు మీద బాబాయి. ఎడమ మణికట్టు విరిగి, కట్టు విప్పాక ఆయన సభలో వాయించడం అదే మొదలు. చెవులమ్మ మైకులు నిలబెట్టి సంచీ తడుముకుంది. గాలికి అడ్డంగా మైకులకు తొడిగే బొచ్చు తొడుగులు లేవు. పొద్దున ఉతికి మేడ మీద ఆరేసి, అక్కడే వదిలేసి వచ్చింది. వెళ్లి తెచ్చుకునే వ్యవధి ఉంది. ఆకు కూడా కదలడం లేదు, ఏం కొంప మునిగిందిలే అని పలచటి స్పాంజి తొడుగులతోనే సరిపెట్టింది.

సగం కచేరీ అయ్యేసరికి ఏటి మీది నుంచి గాలి లేచింది. హెడ్‌ఫోన్లలో ఎవరో గోనెపట్టా ఈడుస్తున్నట్టు ఒకటే రొద. లేచి మైకులను గోడ చాటుకు జరిపి, కిందికి దించాల్సింది. నిండు సభలో అందరి ముందూ వంగి నడవడానికి మొహమాటపడి కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో మంద్రపు ధ్వనులన్నీ కోసేసింది. గాలి పోయింది. డోలు ఎడమవైపు పలికే గంభీరమైన నాదం ఉండేదీ ఆ మంద్రంలోనే. అదీ పోయిందని ఆమెకు తెలుసు. గాయనికి గొంతు బాగుంటే చాలు, డోలు ఎవరు పట్టించుకుంటారులే అని పంపేసింది. గాయని మురిసిపోయి నలుగురికీ పంచింది.

కొన్ని వారాలకు పిన్ని ఫోన్ చేసింది.

"మీ బాబాయి డోలుకి గుడ్డ కప్పేశారే. ఎవరు పిలిచినా రానంటున్నారు."

"ఏమైంది పిన్నీ?"

"ఆ రికార్డింగు విన్నారు. ఎడమచెయ్యి పలకట్లేదంట. ఇంక సభలో కూర్చుని పరువు తీసుకోలేనంటున్నారు."

అప్పుడే చెప్పేయాల్సింది. "నేను మాట్లాడతాలే" అని పెట్టేసింది. ఆ మాట్లాడటం ఇవాళ, రేపు అంటూ చలికాలమంతా సాగింది. ఆయన చలవతో అన్నం తింటూ ఆయన చెయ్యే తీసేశానన్న బాధ లోపల తొలిచేది. ఎదురుపడాల్సి వస్తుందని చుట్టాలింటి శుభకార్యాలకూ ఏదో వంక చెప్పి మానేసింది.

డోలు ఎవరికో ఇచ్చేస్తున్నాడని విన్నాక ఇక ఆగలేక వెళ్లింది.

"బాబాయ్, నీ చెయ్యి బాగానే ఉంది. గాలి చప్పుడు తీసేయబోయి నీ డోలుని నేనే తీసేశాను."

ఆయన నవ్వాడు. "నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకే తల్లీ. నువ్వు అలాంటి పని చేస్తావా?"

ఆ నమ్మకానికి ఆమె తల ఎత్తలేకపోయింది. ఏమీ కోయని అసలు రికార్డింగు పెట్టి, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించింది. గాలి రొద కింద ఎడమచేతి దెబ్బ నిండుగా వస్తూనే ఉంది. ఆయన వేళ్లు మోకాలి మీద కదిలాయి. అయ్యాక హెడ్‌ఫోన్లు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచీ."

"చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందా?"

గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

బాబాయి మళ్లీ సాధన మొదలుపెట్టాడు. కానీ అన్నాళ్లు ఊరికే ఉంచిన మణికట్టు ఈసారి నిజంగానే బిగుసుకుపోయింది. వేగం అందుకునేచోట ఎడమచెయ్యి రవ్వంత వెనకబడుతోంది. అయినా తర్వాతి కచేరీకి రికార్డింగు ఆమెకే అప్పగించాడు.

"ఎలా వస్తే అలా ఇవ్వు. దేన్నీ తీసెయ్యకు."

అలాగే ఇచ్చింది. వెనకబడిన దెబ్బలు సరిచేయడం ఆమెకు చిటికెలో పని, కానీ ముట్టుకోలేదు. బాబాయి వాటి సంగతి ఎత్తడు. పిన్ని మాత్రం ఇప్పటికీ, ఆమె వెళ్తే టీ కప్పు ముందు పెట్టి మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్లిపోతుంది.