మనవరాలు తన గురించి రాసుకున్న పేజీ

మేడ్చల్‌లో ఇంటర్ రెండో ఏడు చదువుతున్న నా మనవరాలు బెంగళూరులో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. మార్కులు ఒక్కటే చాలవట. తన గురించి తానే ఒక పేజీ రాసి పంపాలట, అది నచ్చితేనే సీటట. పెళ్లిచూపులప్పుడు తప్ప మా ఇంట్లో ఎవరి గురించీ ఎవరూ అలా చెప్పింది లేదు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఇంటికి పెద్దదాన్ని కదా, ఏం రాయాలో నేనే చెప్పాను.

“నువ్వెవరని అడుగుతున్రు గదా? ఎవరింటి పిల్లవో జెప్పు. మీ తాత ముచ్చట రాయి. అత్వెల్లిల మన అంగూరు తోట రాయి. మీ పెదనాయిన సర్పంచ్ జేసిండని రాయి.”

“గివన్నీ రాస్తే పేజీ ఏడ సాల్తది అవ్వా?”

“సన్నగ రాయి. కాయితం దండగ జెయ్యకు.”

అలాగే రాసి, కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడంకు చూపించింది. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

“మేడం సదివి నవ్విందవ్వా. ‘మీ తాత మంచిగున్నడు, పెదనాయిన మంచిగున్నడు, గీండ్ల నువ్వెక్కడున్నవ్?’ అన్నది. తాతకైతే సీటియ్యరంట.”

నాకు కోపం వచ్చింది. ఎవరింటి బిడ్డవో చెప్పుకుంటే తప్పేముంది? కానీ పంపడానికి ఇంక రెండు రోజులే గడువుంది. అది మళ్లీ రాయడానికి కూర్చుంది.

మర్నాడు నేను వసారాలో చింతపండు గింజలు తీస్తుంటే, ఇంగ్లీషులో రాసింది తెచ్చి మన మాటల్లో చదివి వినిపించింది. అంతకు ముందటేడు వడగళ్లు పడి మా తోటలో ద్రాక్ష గుత్తులు చితికిపోయాయి. పెద్ద మార్కెట్‌కు పనికిరాని ఆ కాయను పారేయడానికి మనసొప్పక, గంపలకెత్తి రోడ్డు పక్కన అమ్మమని కూలి ఆడవాళ్లతో పాటు మనవరాలినీ పంపాను. అదే రాసింది.

“మొదటి దినం మా కాలేజీ పిల్లలున్న బస్సాగితే, చున్నీతోని మొకం కప్పుకొని గంప ఎనక కూసున్న. బస్సు దిగిన ఒకామె, ‘కాయలమ్మనీకొచ్చినవా, దాసుకోనీకొచ్చినవా పిల్లా?’ అన్నది. అని, నా తాననే కొనుక్కపోయింది. మర్నాటి సంది మొకం కప్పుకోలే. క్లాసుల తెల్వనిది లేసి అడగనీకి గూడ గప్పటి సందే సిగ్గువడుడు బందువెట్టిన.”

నా చెయ్యి ఆగిపోయింది.

“తీసెయ్. మనింటి ఆడపిల్ల రోడ్డు మీద కాయలమ్మిందని బెంగళూరు దాంక సాటిస్తవా? మీ పెదనాయిన ఇజ్జత్ ఏం గావాలె?”

“నువ్వే గద అవ్వా పంపింది!”

“పంపిన గని రాయమన్ననా?”

“మరేం రాయాలె? నేను జేసింది గదొక్కటే ఉన్నది. మిగిలినయన్నీ మీరు జేసినయే.”

కాసేపు గింజలు తీసి, మళ్లీ మొదటి నుంచి చదవమన్నాను. ఈసారి జాగ్రత్తగా విన్నాను. బీద అరుపులు అరవలేదు. గొప్పలు పోలేదు. ఎవరి జాలీ అడగలేదు. ఎట్లా జరిగిందో అట్లాగే రాసింది. ఒక్కచోట మాత్రం ఆపాను.

“కుళ్లిన కాయ అని రాసినవేంది? చితికిన కాయ అది. కుళ్లింది మనమెన్నడు అమ్మలే. దిద్దు.”

దిద్దింది.

“ఇగ పంపు,” అన్నాను.

వానలు మొదలయ్యాక సీటు వచ్చినట్టు కబురు తెలిసింది. పక్కింటి కోడలు పరుగెత్తుకొచ్చింది.

“సర్పంచ్ సాబ్ ఎవలినన్న పట్టుకున్నడా అత్తమ్మా? గట్ల ఉత్తగనే సీటిస్తరా?”

“ఎవల్నీ పట్టలే. పిల్ల తన ముచ్చట తనే రాసుకున్నది.”

“ఏం ముచ్చట?”

సర్పంచ్ చేసిన నా పెద్దకొడుకు లోపలే ఉన్నాడు, వింటున్నాడు. అయినా ఆమెను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, చున్నీతో మొహం కప్పుకున్న సంగతితో సహా.