పేడ పూసిన మొక్కలు

చౌడప్ప నలభై ఏళ్లు మేకలు కాసినవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, బెళుగుప్ప పక్క గుట్ట మీద మొక్కలకు కాపలా పెట్టారు ఊరివాళ్లు. "మేకలోడికి మొక్కలప్పగించినారు గదప్పా!" అని నవ్వారు కూడా. చౌడప్ప మాత్రం నవ్వలేదు. "ఈ గుట్టను బోడి చేసింది నా మేకలే. పచ్చగా చేసి పోతా" అన్నాడు. మందనంతా అదే ఊరి బయ్యన్నకు అమ్మేశాడు.

గుట్ట మీద పడ్డ వాన మట్టిని ఈడ్చుకుంటూ వంకలోకి, వంక హగరి నదిలోకి పోతుంది. ఆ మట్టిని ఆపాలనే ఊరంతా కలిసి నాలుగు వందల వేప, నేరేడు, చింత మొక్కలు నాటింది. ఏప్రిల్లో లెక్క చూసి, సగం పైన బతికుంటే ఎండాకాలమంతా ట్యాంకరు నీళ్లు పంపుతామంది మొక్కలిచ్చిన సంస్థ.

చౌడప్ప ప్రతి మొక్కకూ పేడనీళ్లు పూశాడు. ఆ వాసనకు మేక మూతి పెట్టదని అతనికి తెలియనిదా! మార్చి దాటినా ఒక్క ఆకు పోలేదు.

ఏప్రిల్లో సంస్థ తరఫున నాగజ్యోతి వచ్చింది. ఫోటో తీస్తే మొక్క బతికిందో లేదో ఫోనే తేలుస్తుందట. పేడ కట్టిన ఆకుల్ని చూసి అది అన్నీ చచ్చాయంది.

చౌడప్ప ఒక వేపకొమ్మను గోటితో గీకి చూపించాడు. "సూడు తల్లీ, లోపల పచ్చగా ఉండాది. చచ్చినదానికి పచ్చ యాడుంటాది?"

"నాకు కనపడతాండాదన్నా. కానీ ఫోను చూసిందే లెక్క. సాయంత్రం లోపల కడిగితే మళ్లా తీస్తా."

కడగడానికి నీళ్లేవి? తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లతో తువ్వాలు తడిపి ఆకు ఆకూ తుడిచాడు. ఎండిన పేడ ఊరికే వస్తుందా! క్యాను ఖాళీ అయ్యేసరికి ముప్పై మొక్కలు తేలాయి. ముప్పై బతికినట్టు, మిగతావన్నీ చచ్చినట్టు ఎక్కించి, తల దించుకుని వెళ్లిపోయింది నాగజ్యోతి. రావాల్సిన ట్యాంకరు ఆగిపోయింది.

మర్నాడు ఇంటింటికీ తిరిగి నీళ్లడిగాడు. ఎవరి బిందె వాళ్లకే చాలడం లేదు. ఉత్తచేతులతో గుట్టకు వచ్చేసరికి బయ్యన్న మంద అక్కడుంది. తుడిచిన ముప్పై మొక్కల్నీ మొదలంటా మేసేశాయి. చౌడప్ప కేకేస్తూ కర్ర ఎత్తాడు. ఆ గొంతు గుర్తుపట్టి మేకలు అతని దగ్గరికే వచ్చాయి, తన చేత్తో పెంచినవి. కొట్టలేకపోయాడు.

బతికాయని రాసుకున్న మొక్కలు ఇప్పుడు పుల్లలు. చచ్చాయని రాసుకున్నవి పేడ కప్పుకుని బతికే ఉన్నాయి. చౌడప్ప కూర్చుని ఒకదాన్ని గోటితో గీకి చూశాడు. ఇంకా పచ్చగానే ఉంది. ఏడుపొచ్చింది.